2019 ఎస్‌ఈసీలో బరో తర్వాతి స్థానం బో నిక్స్‌దే

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒకే కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల కూటమిలో) ఆడే క్వార్టర్‌బ్యాక్‌లను, అంటే బంతి విసిరి దాడిని నడిపేవాళ్లను, పోల్చడానికి ఏ అంకె చూడాలని మీరు అడిగారు. 2019లో ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్ నుంచి జో బరో (లూసియానా స్టేట్, అంటే ఎల్‌ఎస్‌యూ), టువా టాగోవైలోవా (అలబామా), జేక్ ఫ్రామ్ (జార్జియా), బో నిక్స్‌ల (ఆబర్న్) పేర్లిచ్చి వరుసలో పెట్టమన్నారు. ఆ ఏడాది నేను ఆబర్న్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. నిక్స్‌ను అట్టడుగున పెట్టే జాబితా ఎక్కడ కనిపించినా నాకు ఒళ్లు మండుతుంది.

ముందు ఏ అంకెను నమ్మకూడదో చెబుతాను. పూర్తయిన పాస్‌ల శాతాన్ని అసలు నమ్మవద్దు. పక్కనే నిలబడ్డవాడికి అందించిన బంతి, ముప్పై గజాల అవతల ఇద్దరు డిఫెండర్ల మధ్యకు విసిరిన బంతి ఆ లెక్కలో ఒకటే. చేతుల్లో పడ్డ బంతిని రిసీవర్ జారవిడిచినా అది విసిరినవాడి ఖాతాలోకే పోతుంది. 2018లో ఎల్‌ఎస్‌యూ తరఫున బరో శాతం 57.8. మరుసటి ఏడు అదే బరో, అదే కాన్ఫరెన్స్, 76.3 శాతం, 60 టచ్‌డౌన్ పాస్‌లు (ఒక్కో టచ్‌డౌన్‌కు ఆరు పాయింట్లు), ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ. మనిషి ఒక్క వేసవిలో మారిపోయాడా? జో బ్రేడీ అనే కోచ్ ప్రొఫెషనల్ జట్టు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ నుంచి వచ్చి ఆట తీరునే మార్చేశాడు. జామార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ లాంటి రిసీవర్లు చేతికి అందివచ్చారు. దేశంలో ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కు (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుసకు) ఇచ్చే జో మూర్ అవార్డు కూడా ఆ ఏడాది ఎల్‌ఎస్‌యూదే. ఇక హైస్కూలు నుంచి నేరుగా వచ్చిన నిక్స్ మొదటి ఏడాది శాతం 57.6. కాలేజీలో నాలుగో ఏట ఉన్న బరోకు 2018లో వచ్చిందీ దాదాపు అంతే! ఈ మాట టీవీ విశ్లేషకులు ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. జులైలో, ఒక్క బంతి కూడా విసరక ముందే ర్యాంకులు ప్రకటించడానికి మాత్రం ముందుంటారు.

కాన్ఫరెన్స్ ఒకటే కదా, ప్రత్యర్థులూ ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. ఆ సీజన్లో అలబామా షెడ్యూల్‌లో జార్జియా లేదు, ఫ్లోరిడా లేదు. ఆబర్న్‌కు ఆ రెండూ పడ్డాయి. వాటికి తోడు ఎల్‌ఎస్‌యూ, అలబామా, మొదటి ఆటలోనే ఒరెగాన్. ఆ ఒరెగాన్ ఆటలో 9 సెకన్లు మిగిలి ఉండగా సెత్ విలియమ్స్‌కు టచ్‌డౌన్ విసిరి 27-21తో గెలిపించింది నిక్సే. అది కాలేజీలో అతని మొట్టమొదటి ఆట. చదునైన పిచ్‌పై కొట్టిన సెంచరీకి, బంతి అడ్డదిడ్డంగా తిరిగే పిచ్‌పై చేసిన నలభై పరుగులకు తేడా గంటలకొద్దీ వాదించే మనవాళ్లు, ఇక్కడికి వచ్చేసరికి పట్టికలో పై అంకె చూసి తీర్పు చెప్పేస్తారు.

నవంబర్ 30న మా జోర్డన్-హేర్ స్టేడియంలో ఐరన్ బౌల్, అంటే ఆబర్న్, అలబామాల ఏటేటి పోరు. విద్యార్థుల గ్యాలరీలో నిలబడే చూశాం, కూర్చోవడమన్నది అక్కడ ఉండదు. టువా తుంటి గాయంతో అప్పటికే సీజన్‌కు దూరమయ్యాడు. అతని బదులు మ్యాక్ జోన్స్ ఆడాడు. జోన్స్ 335 గజాలు, 4 టచ్‌డౌన్‌లు విసిరాడు. నిక్స్ విసిరినవి 30, అందినవి 15, మొత్తం 173 గజాలు. కానీ జోన్స్ విసిరిన రెండు బంతులు మావాళ్ల చేతుల్లో పడి నేరుగా టచ్‌డౌన్‌లయ్యాయి. అందులో ఒకటి వాళ్ల సొంత ఆటగాడి వీపుకు తగిలి లేచింది. జకోబీ మెక్‌క్లెయిన్ దాన్ని పట్టుకుని 100 గజాలు పరుగెత్తుతుంటే, పక్కనున్న అపరిచితుడు నా భుజం పట్టుకుని ఊపేశాడు. చివర్లో అలబామా కొట్టిన 30 గజాల కిక్ గోల్‌పోస్టుకు తగిలింది. 48-45తో మేమే గెలిచాం. చీకటి పడ్డాక జనమంతా మైదానంలోకి దూకారు, ఆ తర్వాత, గెలిచినప్పుడల్లా చేసినట్టే, ఊళ్లోని టూమర్స్ కార్నర్ చెట్ల మీదికి కాగితపు చుట్టలు విసరడం మామూలే. నడుస్తూ ఉండగా నా జూనియర్ అడిగాడు: "అన్నా, అవతలివాడు మనవాడికి రెట్టింపు గజాలు విసిరాడు కదా, మరి మనమెలా గెలిచాం?" మనవాడు ఒక్క బంతినీ వాళ్లకు అప్పగించలేదు, ఒక టచ్‌డౌన్ విసిరి, ఇంకొకటి తానే పరుగెత్తి చేశాడు, అందుకే అన్నాను.

ఆ నిక్స్ ఒరెగాన్‌కు వెళ్లాక 2023లో 77.4 శాతం, 45 టచ్‌డౌన్‌లు, 3 ఇంటర్‌సెప్షన్‌లు (ప్రత్యర్థులకు చిక్కిన పాస్‌లు). చుట్టూ మంచి జట్టు ఉంటే ఏం చేయగలడో అప్పుడు లోకానికి తెలిసింది. మేం ముందే చూశాం.

బరో మొదటి స్థానాన్ని మాత్రం నేను కాదనను. అతని గొప్పతనం నాకు కనిపించింది 60 టచ్‌డౌన్‌లలో కాదు, మామీద 23-20తో గెలిచిన ఆటలో. ముందు ముగ్గురినే పెట్టి మిగతావాళ్లను వెనక్కి పంపిన మా డిఫెన్స్, ఆ సీజన్లో ఎల్‌ఎస్‌యూను అతి తక్కువ స్కోరుకు కట్టడి చేసింది. అయినా అతను ఓపికగా చిన్న చిన్న పాస్‌లు వేస్తూ 42లో 32 పూర్తి చేశాడు. తర్వాత నిక్స్. టువా మూడోవాడు, ఎందుకంటే అతని రిసీవర్లు జ్యూడీ, రగ్స్, డెవాంటా స్మిత్, వాడిల్ నలుగురూ తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు మొదటి రౌండ్‌లోనే ఎంపికైనవాళ్లే. వాళ్లకు విసరడం వేరు. ఫ్రామ్ నాలుగు.