నాచోస్ బాగుందా, బాగున్నాయా?

సందేహం: మాది నల్గొండ. ఆదివారం సాయంత్రం పిల్లలు, అత్తమ్మ, మా మరిది, అందరం కలిసి ఊరికే అట్లా బయటికి వెళ్ళాం. క్లాక్ టవర్ దగ్గర మిర్చీలు తిన్నాక, పిల్లలు అడిగారని ఒక కేఫ్‌లో నాచోస్ (మక్కలతో, అంటే మొక్కజొన్నతో చేసి చీజ్ వేసే చిప్స్) కూడా తీసుకున్నాం. ఇంటికొచ్చి చుట్టాల వాట్సాప్ గ్రూపులో ‘నాచోస్ ట్రై చేశాం, చాలా బాగుంది’ అని పెట్టాను. ‘బాగుంది అనకూడదు, బాగున్నాయి అనాలి’ అన్నాడు మరిది. ‘నాచోస్‌లు మంచిగున్నయి’ అంటుంది అత్తమ్మ. ఎవరిది సరైన తెలుగు? ‘ట్రై చేశాం’, ‘ఔటింగ్’, ‘కంఫర్ట్ ఫుడ్’ అనే మాటలకు మన మాటలున్నాయా?

సమాధానం: నేనైతే మీ మరిది చెప్పినట్టే ‘నాచోస్ బాగున్నాయి’ అని రాస్తాను. అయితే చివర ఇంగ్లీషు ‘స్’ ఉంది కాబట్టి బహువచనం అని ఆయన అంటే మాత్రం ఒప్పుకోను. ఏ భాష నుంచి వచ్చిన మాటైనా తెలుగు వాక్యంలో కూర్చున్నాక దాని వచనం తేల్చేది తెలుగే.

చివరి అక్షరాన్ని చూసి వచనం చెప్పలేమనడానికి మన దగ్గరే సాక్ష్యాలున్నాయి. రాములు, నర్సింలు, వెంకటేశ్వర్లు అనే పేర్ల చివర ‘లు’ ఉంది. అయినా ‘రాములు వచ్చాడు’ అంటాం, ‘వచ్చారు’ అంటే అది మర్యాద కోసం. దీనికి ఎదురు ఉదాహరణ బియ్యం. ఆ మాటలో ‘లు’ ఎక్కడా లేదు. అయినా ‘బియ్యం అయిపోయాయి’ అంటాం, మీ వైపు ‘బియ్యం అయిపోయినయి’ అంటారు. మాట ఏకవచనంలా కనిపిస్తుంది, క్రియ మాత్రం బహువచనంలో ఉంటుంది. ‘నాచోస్ బాగున్నాయి’ అనే వాక్యానికి దారి చూపించేది ఈ బియ్యమే. చిప్స్, నూడుల్స్ కూడా ఇదే దారిలో వచ్చాయి.

అసలు ఆ ‘స్’ కథ కూడా కొంచెం తెలుసుకోవాలి. అమెరికా సరిహద్దును ఆనుకుని మెక్సికోలో పీడ్రాస్ నెగ్రాస్ అనే ఊరుంది. 1940ల మొదట్లో అక్కడి ఒక హోటల్లో పనిచేసే ఇగ్నాసియో అనాయా, వచ్చినవాళ్ళ కోసం అప్పటికప్పుడు మక్క రొట్టె ముక్కలు వేయించి, వాటి మీద చీజ్ కరిగించి, మిరపకాయ చక్రాలు పెట్టి ఇచ్చాడు. వెంకటేశ్వర్లును మనం వెంకన్న అన్నట్టు, స్పానిష్‌లో ఇగ్నాసియోను నాచో అంటారు. ఆ వంటకానికి ఆయన ముద్దుపేరే నిలిచింది. అంటే మొదట నాచో ఒక్కడే, ముక్కలే చాలా. ఇంగ్లీషువాళ్ళు ఆ ‘స్’ను బహువచనంగా వాడుకోవడం వాళ్ళ భాషలోని సంగతి.

మరి తెలుగు దేన్ని చూసి తేలుస్తుంది? దీనికి జవాబు మీ అత్తమ్మ వంటింట్లోనే ఉంది. నాచోస్ మక్కలతోనే చేస్తారు కాబట్టి ఆ ఒక్క గింజనే తీసుకుందాం. కంకి వొలిచి చాటలో పోస్తే మక్కలు, బహువచనం. విసిరితే మక్క పిండి, ఏకవచనం. ఉడికించి గటక చేస్తే ‘మక్క గటక మంచిగుంది’ అంటారు. అవే గింజలను ఉడకబెట్టి పోపు పెడితే ‘గుడాలు మంచిగున్నయి’. పచ్చి మక్కలు రుబ్బి గారెలు చేస్తే మళ్ళీ బహువచనం. ధాన్యం మారలేదు. పళ్ళెంలో అది ముద్దగా ఉందా, విడివిడిగా కంటికి ఆనుతోందా అనేదాన్ని బట్టి క్రియ మారింది. జొన్నలు, జొన్న అంబలి, జొన్నరొట్టెలు కూడా ఇంతే. అటుకులనూ బొంగులనూ కూర్చుని ఎవరూ లెక్కపెట్టరు, అయినా గింజ గింజ కనిపిస్తుంది కాబట్టి అవి బహువచనాలయ్యాయి. నాచోస్ కూడా విడివిడి ముక్కలే. ఒక్కొక్కటే తీసుకుని తింటారు. కాబట్టి ‘బాగున్నాయి’ అనడమే తెలుగు చెవికి సహజంగా ఉంటుంది.

ఈ సూత్రం అన్నింటికీ సరిపోతుందని మాత్రం నేననను. పాలు, నీళ్ళు విడివిడిగా కనిపించవు, అయినా అవి బహువచనాలే. పెరుగు, చల్ల ఏకవచనాలు. పాలు తోడుకుంటే ‘పెరుగు బాగుంది’ అయిపోతుంది. వ్యాకరణంలో వీటిని నిత్య బహువచనాలు, నిత్య ఏకవచనాలు అని విడిగా చెప్పుకుంటాం. ఇవి అలవాటుగా స్థిరపడ్డవి, కారణం వెతికి లాభం లేదు. కొత్తగా వచ్చే తిండి పేర్లకు మాత్రం ముద్దా, ముక్కలా అన్న తేడా బాగా పనికొస్తుంది. పిజ్జా బాగుంది, పాస్తా బాగుంది, మోమోస్ బాగున్నాయి. మీ పిల్లలను అడిగినా ఆలోచించకుండా ఇట్లాగే చెప్తారు.

ఇక మీ వాక్యం. ‘నాచోస్ బాగుంది’ అని మీరు రాసింది తప్పని దిద్దను. ముక్కలను కాక మొత్తం వంటకాన్ని ఒకటిగా తలచుకున్నప్పుడు తెలుగులో ఏకవచనం వస్తుంది. నాలుగు ఇడ్లీలు తిని కూడా ‘ఇక్కడ ఇడ్లీ బాగుంటుంది’ అంటాం. గప్‌చుప్ ఎన్ని తిన్నా ‘గప్‌చుప్ మంచిగుంది’ అనేవాళ్ళున్నారు. హోటల్లో ఆర్డర్ చెప్పేటప్పుడు ఈ తేడా మరీ స్పష్టంగా వినిపిస్తుంది. ‘రెండు ఇడ్లీ’ అంటే రెండు ప్లేట్లు తెస్తారు. ‘ఇంకో రెండు ఇడ్లీలు వెయ్యి’ అంటే ప్లేటులోకి రెండు పడతాయి. ఒక్క ‘లు’ మీద బిల్లు మారిపోతుంది. అట్లాగే ‘రెండు నాచోస్’ అంటే రెండు ప్లేట్లు, ‘రెండు నాచోలు ఇటివ్వు’ అంటే రెండు ముక్కలు. ఇంత సన్నని తేడాను ఏ పుస్తకమూ నేర్పకుండానే బజారు పట్టుకోవడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం.

‘నాచోలు’ అన్నాను గదా, అది నాకు ఇంకా ఇష్టమైన రూపం. మోమోలు, టాకోలు, నాచోలు అంటే ‘స్’ వదిలి మన ‘లు’ తగిలించుకున్నట్టు. విభక్తులు చేరినప్పుడు దాని సుళువు తెలుస్తుంది. ‘నాచోల మీద చీజ్’, ‘నాచోల్లో కారం తక్కువైంది’ అని నోరు తిరిగినంత హాయిగా ‘నాచోస్ మీద’, ‘నాచోస్‌లో’ అన్నప్పుడు తిరగదు.

అత్తమ్మ ‘నాచోస్‌లు’ అన్నదాంట్లో బహువచనం రెండుసార్లు వచ్చింది. లేడీస్‌లు, పేరెంట్స్‌లు, చిప్స్‌లు అని మాట్లాడేటప్పుడు చాలామంది అంటారు. ఇది తెలియనితనం అనుకోవద్దు. ఆమె చెవికి ఆ ‘స్’ పేరులో భాగంగానే వినిపించింది, పేరుకు తెలుగు ప్రత్యయం చేర్చింది. భాష నడిచే పద్ధతే అది. రాతలో మాత్రం నాచోస్ అనో, నాచోలు అనో రాస్తే చాలు. ‘మంచిగున్నయి’ని ఈ లెక్కలోకి తేవద్దు. గ్రూపులో మీ మాటగా ‘బాగున్నాయి’ అని రాయండి. ఆమె మాటగా రాస్తే ‘మంచిగున్నయి’ అనే రాయండి. దాన్ని మారిస్తే అది మీ అత్తమ్మ మాట కాకుండా పోతుంది.

‘ట్రై చేశాం’కు సమానమైన మాట ఇంకెక్కడో వెతకనక్కర్లేదు, ‘చూడు’ అనే క్రియలోనే ఉంది. అడిగి చూడు, వేసుకుని చూడు, తిని చూడు. ఇక్కడ ‘చూడు’కు కంటితో పని లేదు. చేస్తే ఏమవుతుందో తెలుసుకో అని అర్థం. ‘నాచోస్ తిని చూశాం’ అనండి, మీరు చెప్పదలచుకున్నదంతా వచ్చేస్తుంది. ‘రుచి చూశాం’ అంటే అర్థం కొంచెం తగ్గుతుంది, ఒకటో రెండో నోట్లో వేసుకున్నారనిపిస్తుంది. పొయ్యి మీది కూరకు ‘ఉప్పు చూడు’ అంటాం, అది ఇంకా చిన్న పని. తిని చూడటం, రుచి చూడటం, ఉప్పు చూడటం అని మూడు మెట్లు మనకుండగా ‘ట్రై’ ఒక్కటే పట్టుకుంటే రెండు మెట్లు పోగొట్టుకున్నట్టే. మాటల్లో ‘ట్రై చేశాం’ అన్నా నాకు అభ్యంతరం లేదు, అందరూ అనేదే.

ఔటింగ్‌కు షికారు ఉంది. పారసీలో వేట అనే అర్థమున్న ఆ మాట మన దగ్గర సరదా తిరుగుడుకు స్థిరపడింది. మీవైపు మాటైతే ‘పోయొచ్చుడు’. ‘సాగర్ పోయొచ్చినం’, ‘పిల్లలమర్రి దాకా పోయొద్దాం’ అంటే పాలమూరులోనైనా నల్గొండలోనైనా అందరికీ తెలుస్తుంది.

కంఫర్ట్ ఫుడ్, అంటే తింటే మనసు కుదుటపడే తిండి, కష్టమైన ప్రశ్న. ‘సాంత్వన ఆహారం’ అని కొందరు రాస్తున్నారు. ఆ మాటలో ఆకలి లేదు, ఎవరి నోటా రాదు. దీనికి తెలుగులో ఒక నామవాచకం లేకపోవడం లోటని నేననుకోను. ఇంగ్లీషు తిండికి పేరు పెట్టింది, తెలుగు తిన్నాక మనిషికి ఏమైందో చెప్పింది. రెండు రోజులు ఊళ్ళు తిరిగి వచ్చి ఇంట్లో ఇంత వేడి అన్నంలో పచ్చిపులుసు పోసుకుని తింటే ‘ప్రాణం లేచొచ్చింది’ అంటాం. మీ వైపు ‘పానం నిమ్మళమైంది’ అనడం కూడా విన్నాను. జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిన్న పెద్దమనిషి ‘కడుపు నిండింది’ అన్నప్పుడు, నిండింది కడుపు ఒక్కటే కాదని వినేవాళ్ళకు తెలుస్తుంది.

తప్పనిసరిగా నామవాచకమే కావాలంటే ‘హితవైన తిండి’ అనండి. జ్వరం తగ్గినవాళ్ళు ‘నోటికి ఏదీ హితవుగా లేదు’ అనడం వినే ఉంటారు. ఈ మాటలో రుచి, మేలు, అలవాటు మూడూ ఉన్నాయి. ఎవరికి హితవు అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది. మీ అత్తమ్మకు సర్వపిండి హితవు కావచ్చు. పిల్లలకు ఇప్పటికి మిర్చీలు, రేపు నాచోలు కావచ్చు. కాబట్టి మీ గ్రూపులో ‘పిల్లలకు హితవైన తిండి’ అని రాస్తే ఎవరి గురించి చెప్తున్నారో కూడా తెలుస్తుంది. ‘కంఫర్ట్ ఫుడ్’ అన్నప్పుడు అది చెప్పడానికి ఇంకో వాక్యం కావాలి.