డిమెన్షియా ఉన్న నాన్నగారికి గుర్తుచేసే స్పీకరు, జీపీఎస్ వాచీ, కెమెరాలు: ఏది కొనాలి?

నాన్నగారికి డిమెన్షియా మొదటి దశ అని డాక్టరు చెప్పారని, మీరూ మీ అన్నయ్యా వేరే ఊళ్ళలో ఉంటారని, మందుల వేళ చెప్పే స్పీకరు, జీపీఎస్ వాచీ, ఇంట్లో కెమెరాలు అన్నీ ఒకేసారి కొనేద్దామనుకుంటున్నామని రాశారు. ఆ మూడూ మేం మా అమ్మకి కొన్నాం. అందుకే రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ముందు స్పీకరు సంగతి. అమ్మ రాత్రి ఎనిమిదింటికి వేసుకోవాల్సిన మాత్ర ఒకటి ఉండేది. మరిచిపోయేది, లేదంటే వేసేసుకున్నానని గట్టిగా వాదించేది, ఒక్కోసారి రెండుసార్లు వేసుకునేది. యంత్రం గొంతయితే పట్టించుకోదని నా గొంతే రికార్డు చేసి పెట్టాను. "అమ్మా, నేను చిన్నిని, ఎనిమిదైంది, మాత్ర వేసుకో." రెండు రోజులు బాగానే జరిగింది. మూడో రోజు ఎందుకో ఆ వేళకి నా ఫోన్లో అమ్మ ఇంట్లో పెట్టిన కెమెరా తెరిచి చూస్తున్నాను. నా మాట వినపడగానే అమ్మ కుర్చీలోంచి లేచింది. వెళ్ళింది మాత్రల దగ్గరికి కాదు, వీధి తలుపు దగ్గరికి. తీసి చూసింది, ఎవరూ లేరు. వెనక్కొచ్చి "చిన్నీ, ఎక్కడున్నావే?" అంది. బాత్రూమ్ తలుపు తట్టి, నేను లోపలున్నాననుకుని కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత మంచం కిందికి వంగి చూసింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అలా వంగడం నేను చూసి ఏళ్ళయింది. చివరికి బీరువా తలుపు తీసి, వేలాడుతున్న చీరలు పక్కకి జరిపి "ఆటలు చాలు, బయటికి రా తల్లీ" అంది. అప్పుడర్థమైంది, ఆవిడ వెతుకుతున్నది నలభై ఏడేళ్ళ నన్ను కాదని.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ కెమెరాలో మనం మాట్లాడే మీట కూడా ఉంటుంది, అది నొక్కి "అమ్మా, నేనక్కడ లేనమ్మా, కంగారు పడకు" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. ఈసారి గొంతు గోడమీంచి వచ్చింది. అమ్మ గోడ దగ్గరికెళ్ళి రెండు చేతులూ ఆనించి ఏడ్చింది. పక్కింటావిడకి ఫోన్ చేసి పంపితే, ఆవిడ సముదాయించి కూర్చోబెట్టేసరికి తొమ్మిదిన్నర. ఆ రోజు మాత్ర వేసుకోనేలేదు.

స్పీకరు పాడవలేదు, డబ్బా మీద రాసినట్టే పని చేసింది. అమ్మకి "ఆ పెట్టెలో మా అమ్మాయి గొంతు ఉంటుంది" అన్న కొత్త సంగతి మనసులో నిలవదు, అంతే. పక్కన కూర్చుని ఇరవైసార్లు చెప్పాం, తల ఊపేది, పది నిమిషాలకి మళ్ళీ కొత్తే. డిమెన్షియాకి ఎక్కువగా కారణమయ్యే అల్జీమర్స్ జబ్బులో సాధారణంగా మెదడులో ముందుగా దెబ్బతినే చోట్లలో హిప్పోక్యాంపస్ ఒకటి, కొత్తగా జరిగినదాన్ని జ్ఞాపకంగా మార్చే పని దానిది. దాని గురించి మనకి ఎక్కువ తెలిసింది హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ వల్ల. ఆయనకి డిమెన్షియా కాదు, మూర్ఛ తగ్గించడానికి 1953లో మెదడుకి ఆపరేషన్ చేసి రెండు వైపులా హిప్పోక్యాంపస్ చాలావరకు తీసేశారు. ఆ తర్వాత కొత్త మనుషులు, కొత్త సంగతులు ఏవీ ఆయనకి గుర్తుండేవి కావు. కానీ బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ మీద గీత గీయమంటే రోజురోజుకీ బాగా గీశారు, నిన్న గీసినట్టు మాత్రం ఆయనకి గుర్తే లేదు. అంటే జరిగిన సంగతి ఒక చోట, చేతికి పట్టిన అలవాటు ఇంకో చోట. అల్జీమర్స్ వచ్చినవాళ్ళలో కూడా చేతి అలవాట్లు చాలాకాలం మిగులుతాయి. మా ఇంట్లో నేను కళ్ళారా చూశాను.

స్పీకరు తీసేసి పాత ఫోను పెడదామన్నది మా తమ్ముడు. తీగ ఉన్న ల్యాండ్‌లైన్, ఎప్పటినుంచో ఉన్న అదే స్టూలు మీద, పక్కనే మాత్రల డబ్బా, మంచినీళ్ళు. ఎనిమిదింటికి నేను ఫోన్ చేసేదాన్ని. మోగితే వెళ్ళి ఎత్తాలని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు, నలభై ఏళ్ళ అలవాటు. గొంతు ఫోన్లోంచి వస్తే మనిషి దూరంగా ఉన్నట్టని కూడా చెప్పక్కర్లేదు. "ఆ, చెప్పు" అనేది. "డబ్బా మూత తియ్యమ్మా, తీశావా, ఇప్పుడు నీళ్ళు తాగు" అంటే లైన్లో ఉండగానే వేసేసుకునేది. ఏడాదిన్నర నడిచింది అలా. కొన్న పరికరాలన్నీ ఒక ఎత్తు, ఆ ఫోన్ ఒక్కటీ ఒక ఎత్తు.

కాబట్టి ఏ కంపెనీది మంచిది అన్న దగ్గర మొదలుపెట్టకండి. నాన్నగారి చేతులకి ఇప్పటికే వచ్చిన పని ఏది, ఈ పరికరం దాని మీద ఎక్కుతుందా, లేక కొత్తగా నేర్చుకోవాలా, ఇదొక్కటే చూడండి. నేర్చుకోవాల్సిందైతే ఎంత గొప్పదైనా అటకెక్కుతుంది.

జీపీఎస్ వాచీ కథా అదే. అమ్మకి చేతికి వాచీ పెట్టుకునే అలవాటే లేదు. మేం కడితే, "ఎవరిదో వాచీ మా ఇంట్లో ఉండిపోయింది, అడిగితే ఇచ్చేయండి" అని విప్పి పక్కింటావిడ చేతిలో పెట్టి వచ్చేది. మ్యాపులో చూస్తే ఇంట్లోనే ఉన్నట్టుండేది, మనిషి మాత్రం బజారు దాటిపోయి ఉండేది. తర్వాత చిన్న ట్రాకర్ ఒకటి కొని ఆవిడ హ్యాండ్‌బ్యాగు లోపలి గుడ్డకి కుట్టేశాం, బ్యాగు లేకుండా గడప దాటేది కాదు కాబట్టి అది పనికొచ్చింది. మీ నాన్నగారికి ఎప్పటినుంచో వాచీ అలవాటుంటే వాచీయే కొనండి. కానీ రోజూ ఛార్జింగ్ ఎవరు పెడతారో కొనేముందే తేల్చుకోండి, ఆ పని కూడా ఆయన గుర్తుంచుకోవాల్సిందైతే ఇక దానితో ఉపయోగం లేదు.

ఈ యాప్‌లు చేసేవాళ్ళ మీద నాకు చాలా కోపం ఉంది, ఇక్కడే చెప్పేస్తాను. వీడియో కాల్‌కి పచ్చ మీట ఎక్కడుందో అమ్మ వేలికి అలవాటయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. ఒక రోజు పొద్దున అప్‌డేట్ వచ్చి ఆ మీట పక్కకి పోయింది, రంగు మారింది. మనకి అది ఒక నిమిషం చిరాకు. ఆవిడకి నాలుగు నెలల పనీ గంగలో కలిసినట్టే, మళ్ళీ ఎప్పటికీ రాలేదు. పెద్దవాళ్ళ కోసమే చేశామని చెప్పుకునే యాప్‌లో మీట జరపకుండా ఉండటం అంత కష్టమా?

పరిశోధన కూడా ఉంది, మంచీ చెడూ రెండూ. ఇంగ్లండ్‌లో బార్బరా విల్సన్ బృందం 2001లో ఎక్కువగా మెదడు దెబ్బతిని మతిమరుపు లాంటి ఇబ్బందులు వచ్చిన 143 మందికి పేజర్లతో, అంటే చిన్న సందేశాలు చూపించే జేబు పరికరాలతో, గుర్తుచేయించి చూసింది. పేజర్ మోగడం, దాని మీద ఒక చిన్న మాట, నొక్కడానికి ఒకటే పెద్ద మీట. ప్రయోగం పూర్తిచేసినవాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా రోజువారీ పనులు ముందుకంటే బాగా చేసుకున్నారు. వాళ్ళు ఎక్కువగా డిమెన్షియా వాళ్ళు కాదు, అయినా ఆ ఒకటే మీట ముఖ్యం నా దృష్టిలో. ఇక ఇంగ్లండ్‌లోనే డిమెన్షియా ఉన్న 495 మందితో అటిలా అని పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2021లో వచ్చాయి. సగం మందికి అవసరాలు చూసి పూర్తి పరికరాల సెట్టు, మిగతా సగానికి పొగ అలారం లాంటి ప్రాథమికమైనవి. రెండేళ్ళు చూస్తే, పూర్తి సెట్టు ఇచ్చినంత మాత్రాన వాళ్ళేమీ ఎక్కువకాలం సొంత ఇంట్లో ఉండగలగలేదు. ఎందుకంటే ఎవరి చేతి అలవాటు ఏమిటో తెలుసుకుని ఇచ్చేవాళ్ళు ఉండరు, ఇంట్లోవాళ్ళకి తప్ప. ఇది నేను చెప్తున్న కారణం, నాకు ఇందులో అనుమానమే లేదు.

మొదటి దశ అంటున్నారు కాబట్టి మీకు మాకు లేని అవకాశం ఉంది. ఈ దశలో కొత్తది అసలు రాదని కాదు. స్పేస్డ్ రిట్రీవల్ అని ఒక పద్ధతి, కామెరాన్ క్యాంప్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త డిమెన్షియా వాళ్ళ దగ్గర వాడారు. ఒక చిన్న సంగతి చెప్పి కాసేపాగి అడగడం, చెప్తే వ్యవధి కొంచెం పెంచి మళ్ళీ అడగడం, తప్పితే వెంటనే జవాబు మనమే చెప్పేసి తక్కువ వ్యవధికి రావడం. "ఫోన్ మోగితే ఏం తెరవాలి నాన్నా?" లాంటి ఒక్క విషయం చాలు. మేం రెండేళ్ళు అమ్మది చాదస్తం అనుకుంటూ కూర్చున్నాం. ఆ రెండేళ్ళే నేర్పగలిగిన కాలం.

ఇలా అడిగి నేర్పడాన్ని మాత్రం బంధువులు వేసే ప్రశ్నతో కలపకండి. వచ్చిన ప్రతివాళ్ళూ "నేనెవరో చెప్పు చూద్దాం" అంటారు. అమ్మ ముఖంలో భయం కనిపించేది, ఏదో పరీక్ష తప్పుతున్న పిల్లలా చూసేది. "అత్తయ్యా, నేను ఫలానా" అని మన పేరు మనమే చెప్పుకుంటే పోయేదేముంది?

ఇంకో రెండు. మెదడుకి పదును అని ఆటల యాప్‌లు అంటగడతారు, కొనకండి. లుమోసిటీ అని అలాంటి ఆటల యాప్ వాళ్ళ మీద ఇలాంటి ప్రకటనలకే అమెరికాలో కేసు పడి 2016లో 20 లక్షల డాలర్లు కట్టారు. దానికి బదులు నాన్నగారి చెవులు పరీక్ష చేయించండి. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన, డిమెన్షియా విషయంలో మనం తగ్గించుకోగలిగిన 14 ముప్పుల్లో వినికిడి లోపం ఒకటి. చెవి మిషన్‌తో డిమెన్షియా నయం కాదు. కానీ అమ్మ మరిచిపోయిందనుకున్న మాటల్లో సగం అసలు వినపడనివేనని మాకు మిషన్ పెట్టించాక తెలిసింది.

కెమెరాలు పెడితే నాన్నగారిని అడిగి పెట్టండి, ఆయన ఔననో కాదనో చెప్పగలిగిన ఈ రోజుల్లోనే. ఎక్కడ వద్దంటే అక్కడ వద్దు. మేం అమ్మని అడగలేదు. గోడకి చేతులానించి ఏడ్చిన ఆ రాత్రిని ఆవిడకి తెలియకుండా నేను చూశాను, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఫోన్ కూడా ఎల్లకాలం పని చేయలేదు. ఏడాదిన్నర తర్వాత నా గొంతు పోల్చుకోవడం మానేసింది. అయినా మోగితే ఎత్తేది, "మా అమ్మాయి ఇంట్లో లేదండీ, వచ్చాక చెప్తాను" అనేది ఎంతో మర్యాదగా. "సరేనండీ, ఆ డబ్బాలో మాత్ర వేసుకోమని చెప్పమంది" అనేదాన్ని. ఇంకొన్ని నెలలు అలా కూడా వేసుకుంది. ఆ తర్వాత మనిషిని పెట్టుకోక తప్పలేదు.

మీ నాన్నగారు పొద్దున లేవగానే మొదట చేత్తో ఏం పట్టుకుంటారు, రేడియోనా, కళ్ళజోడా, పేపరా? రెండు రోజులు గమనించి ఇక్కడే రాయండి. ఏం కొనాలో దాన్నిబట్టి చూద్దాం.