ఎవరి కోసం ఈ చదువు?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని దూరవిద్యలో మళ్లీ మొదలుపెట్టాను. తోడికోడళ్లంతా చదువుకున్నవాళ్లే, వాళ్ల ముందు నేనూ తలెత్తుకోవాలనుకున్నాను. స్టాటిస్టిక్స్ పేపర్ రెండుసార్లు పోయింది. రెండోసారి ఇంట్లో పాసయ్యానని చెప్పేశాను. మూడు నెలలకి మా అమ్మాయి (16) రిజల్ట్ చూసి కనిపెట్టింది. మావారు తిట్టలేదు, "ఈ వయసులో ఎవరి కోసం ఇదంతా?" అన్నారు. ఒకప్పుడు లెక్క కుదిరిన రోజు సంతోషంతో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పుస్తకాలు ముట్టుకోవాలంటేనే టెన్షన్. నాలాంటి మొద్దు ఇంకా ప్రయత్నించాలా?

జవాబు: పేపర్ పోవడం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ అబద్ధం సంగతి చూద్దాం. మిమ్మల్ని దోషిగా నిలబెట్టడానికి కాదు, మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉందనిపించి.

మనకోసం చేసుకునే పనిలో దెబ్బతింటే బాధపడతాం, విసుక్కుంటాం, ఒక రోజంతా ముసుగుతన్ని పడుకుంటాం. దాచాల్సిన అవసరం మాత్రం పెద్దగా రాదు. దాచారంటే, ఆ మార్కులు తోడికోడళ్లకి చూపించాల్సినవిగా మీ మనసులో ఉండిపోయాయన్న మాట. సిగ్గు తప్పించుకోవడానికి చేసే పనికీ, విలువైనదని తానే నమ్మి చేసే పనికీ మధ్య ఉన్న ఈ తేడా మీద ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు పనిచేశారు. అంతా సాఫీగా సాగుతున్నన్నాళ్లూ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎదురుదెబ్బ తగిలాక మొదటి రకం పని చేతిలోంచి త్వరగా జారిపోతుంది.

కాబట్టి ఒకసారి ఇలా ఊహించుకోండి. డిగ్రీ వస్తుంది, కానీ ఆ సంగతి ఎవ్వరికీ చెప్పకూడదు. అప్పుడూ చదువుతారా? "చదవను" అని మనసు చెబితే మానేయండి. నిజంగానే అంటున్నాను, ఎవరికో చూపించడానికి మొదలుపెట్టిన పనిని పూర్తిచేసి తీరాలని రూలేమీ లేదు. కానీ లెక్క కుదిరిన రాత్రి నిద్ర పట్టలేదని రాశారు చూడండి, ఆ రాత్రి పక్కన తోడికోడళ్లు లేరు కదా.

ఇక "మొద్దు" అన్న మాట. తిట్టుకుంటేనే దారికొస్తామని చాలామంది నమ్ముతారు. నేనూ చాలాకాలం నమ్మాను. 2012లో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ ప్రచురించిన పరిశోధనలో, కష్టమైన పరీక్ష సరిగ్గా రాయలేకపోయిన విద్యార్థుల్లో కొందరిని తమపట్ల కాస్త దయగా ఆలోచించుకోమన్నారు. తర్వాతి పరీక్షకి ఎక్కువసేపు కూర్చుని చదివింది వాళ్లే. తెలివైనవాళ్లని పొగిడించుకున్నవాళ్లు కూడా అంతసేపు చదవలేదు.

మీవారితో రెండు వాక్యాలు చాలు. "పాసయ్యానని అబద్ధం చెప్పాను. సిగ్గేసి చెప్పాను." కారణాల చిట్టా విప్పకండి. "ఎవరి కోసం" అన్నది ఆయన ఎత్తిపొడుపుగా అన్నారో, మీరు పడుతున్న అవస్థ చూడలేక అన్నారో నాకు తెలీదు, ఆయన్నే అడగండి. అమ్మాయికి విడిగా చెప్పండి. తల్లి గుట్టు బయటపెట్టానే అని ఆ పిల్ల లోలోపల నలుగుతూ ఉండొచ్చు. పైగా రేపు తన మార్కులు తగ్గితే ఇంట్లో చెప్పొచ్చో లేదో ఇప్పుడు మిమ్మల్ని చూసే లెక్కవేసుకుంటుంది.

పేపర్ విషయానికొస్తే, జవాబు పత్రం కాపీ తీసుకునే వీలుంటే తీసుకోండి. ఎక్కడ మార్కులు పోయాయో తెలీకుండా మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెడితే, మొదటి రెండు చాప్టర్లే మూడోసారి బాగా వస్తాయి. ఉదాహరణ లెక్క చదివి "అర్థమైంది" అనుకోవద్దు, పుస్తకం మూసి చేసి చూడండి. రోజూ ఒకే వేళకి అరగంట చాలు. మధ్యలో ఒక రోజు పోయిందని మొత్తం వదిలేయకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం కొత్త అలవాట్లను గమనిస్తే, అవి కుదురుకోవడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని అంచనా తేలింది. మధ్యలో ఒక్కరోజు తప్పినందువల్ల చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు.

ఒకవేళ రెండు వారాలకి పైగా రోజంతా దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం ఉంటే అది చదువు సమస్య కాకపోవచ్చు. డాక్టర్‌ని కలవండి.

మూడోసారి ఎప్పుడు రాస్తారో ఇప్పుడే ఎవరికీ మాటివ్వకండి. తోడికోడళ్లు అడిగితే "ఒక పేపర్ మిగిలింది, చదువుతున్నాను" అనండి. ప్రస్తుతానికి అదే నిజం.