మోషన్స్ పట్టుకుంటే ఇంకో యాంటీబయాటిక్ వేయకండి

ప్రశ్న: డాక్టరమ్మా, మా అత్తమ్మకు 68 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని డాక్టరు గారు వారం రోజులకు అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ అనే యాంటీబయాటిక్ గోలీలు రాశారు. ఐదో రోజు నుంచి నీళ్ల విరేచనాలు. మెడికల్ షాపులో చెబితే ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ గోలీలు, మోషన్స్ ఆగడానికి ఇంకో గోలీ ఇచ్చారు. తగ్గకపోగా కడుపునొప్పి ఎక్కువైంది. పెరుగన్నం పెడదామంటే చుట్టాలు వద్దంటున్నారు. షాపాయన మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ గోలీలు నెల రోజులు వాడమంటున్నాడు. రోగం తగ్గించే మందుకే కడుపు ఎందుకు పాడైంది? మాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే ఆఫీసువాళ్లతో ఫోన్ చేయించి, అత్తమ్మను ఆ రోజే ఆస్పత్రిలో చూపించమని చెప్పించాను. ఇదే కథ చాలా ఇళ్లలో నడుస్తోంది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

హన్మకొండలో నా ఓపీకి ఇలాంటివాళ్లు వస్తే ముందు వాళ్లు తెచ్చిన ప్లాస్టిక్ కవరు బల్ల మీద ఖాళీ చేయిస్తాను. నాలుగైదు రకాల గోలీలు పడతాయి. అట్టను కత్తెరతో ముక్కలు చేసి ఇస్తారు కాబట్టి కొన్నింటి మీద పేరులో సగమే ఉంటుంది. యాంటీబయాటిక్ అట్టల మీద ఉండే ఎర్రటి గీత ఏ ముక్క మీదైనా కనబడితే ఎన్ని రోజులు వేసుకున్నారో అడుగుతాను. విరేచనాల సంగతి చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

మీది వ్యవసాయ కుటుంబం అయితే ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. పత్తి చేనుకు గట్టి మందు కొడితే కాయతొలుచు పురుగుతో పాటు దాన్ని తినే మిత్ర పురుగులూ చస్తాయి. మూత్రం ఇన్ఫెక్షన్‌కు వేసుకున్న గోలీ కూడా పేగులోకి వెళ్లి అక్కడి బ్యాక్టీరియాను చంపుతుంది. మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వాటిలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉంటాయి. మనకు అరగని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరకు అదే ముఖ్యమైన ఆహారం. బ్యాక్టీరియా తగ్గితే అరగని పదార్థం పేగులోనే ఉండి నీళ్లు లాక్కుంటుంది. మామూలు విరేచనాలు చాలావరకు ఇలాంటివే. కోర్సు అయిపోయాక వాటంతట అవే తగ్గుతాయి.

నాకు భయం క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియాతో. ఆస్పత్రుల్లో సి. డిఫ్ అంటాం. ఇది గట్టి పెంకు లాంటి స్పోర్‌గా మారి యాంటీబయాటిక్‌ను తట్టుకుంటుంది. పేగులోని మంచి బ్యాక్టీరియా పైత్యరసాన్ని మార్చి దీన్ని పెరగనివ్వకుండా చూస్తాయి. అవి పోతే ఇది విజృంభించి విషాలు వదులుతుంది, పేగు వాస్తుంది. 65 దాటినవాళ్లకు ముప్పు ఎక్కువ. అలాంటప్పుడు ఓఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంకోటి వేస్తే మిగిలిన కాస్త మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. మోషన్స్ ఆపే గోలీ వేస్తే విషం లోపలే నిలవ ఉండే ప్రమాదం ఉంది.

అందుకే యాంటీబయాటిక్ వాడుతుండగా గానీ, ఆపిన కొన్ని వారాల్లో గానీ రోజుకు మూడు సార్లు గానీ అంతకు మించి గానీ నీళ్లలా అవుతుంటే మలపరీక్షలో సి. డిఫ్ టాక్సిన్ (అది వదిలే విషం) కూడా చూడమని డాక్టరును అడగండి. జ్వరం, రక్తం, పొట్ట ఉబ్బడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనబడినా ఆగకుండా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గరికో వెళ్లండి. మొదటి మందు ఆపాలా, మార్చాలా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి. అత్తమ్మ షుగర్‌కు మెట్‌ఫార్మిన్ గానీ, మూత్రం ఎక్కువ పోయే బీపీ గోలీ గానీ వాడుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మందులతో ఇబ్బంది వస్తుంది. షుగర్ ఉందని ఓఆర్ఎస్ మానొద్దు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే కలపాలి. సగం ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో అంచనాగా కలపడం చాలా ఇళ్లలో చూస్తున్నాను, దయచేసి ఆ పని చేయకండి. ఇంకో మాట, శానిటైజర్‌కు సి. డిఫ్ స్పోర్లు చావవు. బాత్రూమ్‌కు వెళ్లొచ్చిన ప్రతిసారీ సబ్బుతో, పారే నీళ్లతో చేతులు కడగాలి. ఆమెకు సేవ చేసే మీరూ అంతే.

పోయిన బ్యాక్టీరియా తిరిగి వస్తాయి, కానీ అన్నీ రావు. 2018లో వచ్చిన డెన్మార్క్ పరిశోధనలో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు చాలా బలమైన మూడు యాంటీబయాటిక్స్ కలిపి 4 రోజులు ఇచ్చారు. నెలన్నరలో పేగు దాదాపు మామూలు స్థితికి వచ్చింది. అయితే ముందు అందరిలోనూ ఉన్న 9 రకాలు 180 రోజులకు కూడా చాలామందిలో కనబడలేదు.

ప్రోబయాటిక్ గోలీలు నెల రోజులు కొనాల్సిన పని లేదు. అదే ఏడాది ఇజ్రాయెల్‌లో చేసిన పరిశోధనలో, యాంటీబయాటిక్ తర్వాత 11 రకాల బ్యాక్టీరియా ఉన్న ప్రోబయాటిక్ వాడినవాళ్లకు సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఏమీ వాడనివాళ్ల కంటే ఆలస్యమైంది. పెరుగు, సల్ల పెట్టండి, సలువ చేస్తదని భయపడొద్దు. అమాక్సిసిలిన్‌తో పెరుగుకు పేచీ లేదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటివైతే పాలు, పెరుగులోని కాల్షియంతో కలిసిపోయి ఒంటికి పట్టవు. అవి వేసుకునే వేళకు పాలు, పెరుగు దూరం పెట్టాలి. విరేచనాలు తగ్గాక మెల్లగా జొన్న గట్క, పెసరపప్పు, తోటకూర మొదలుపెట్టండి. తిరిగి వస్తున్న బ్యాక్టీరియాకు కావలసిన పీచు వీటిలో ఉంది.

ప్రశ్న: జలుబు వస్తే మా ఊళ్లో ఆర్ఎంపీ మూడు రోజుల అజిత్రోమైసిన్ ఇస్తాడు. రెండో రోజుకే హాయిగా ఉంటుంది. తప్పేముంది?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: జలుబు వైరస్‌తో వస్తుంది. అజిత్రోమైసిన్ దాని మీద పనిచేయదు, ఆ జలుబు తనంతట తనే తగ్గింది. మందు మాత్రం మూడు రోజులతో పోదు. గోలీలు అయిపోయాక కూడా కొన్ని రోజుల పాటు ఒంట్లో ఉంటుంది. ఆ రోజుల్లో మీ గొంతులో, పేగులో దాన్ని తట్టుకోగల బ్యాక్టీరియా మిగిలి పెరుగుతాయి. మీ నుంచి ఇంట్లో పిల్లలకూ చేరతాయి. మన దగ్గర టైఫాయిడ్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ సరిగా పనిచేయడం ఎప్పుడో తగ్గిపోయింది. ఇప్పుడు మేం నమ్ముకున్న మందుల్లో అజిత్రోమైసిన్ ఒకటి. దాన్ని జలుబుకు ఖర్చు చేయొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. అట్ట మీది ఎర్ర గీతకు అర్థం డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్‌కైతే 2014 మార్చి నుంచి షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు విడిగా రిజిస్టర్‌లో రాయాలన్న నిబంధన ఉంది.

ప్రశ్న: పంటికి చీము పట్టిందని మెట్రోనిడజోల్ రాశారు. సాయంత్రం కల్లు తాగొచ్చా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: వద్దు. ఈత కల్లయినా తాటి కల్లయినా అందులో ఆల్కహాల్ ఉంటుంది. ఈ మందుతో కలిస్తే కొందరికి వాంతులు, గుండెదడ, ముఖం వేడెక్కడం వస్తాయి. కోర్సు అయ్యాక కూడా మూడు రోజులు ఆగండి. కల్లు తాగే రోజు గోలీ మానేద్దామని మాత్రం అనుకోకండి, చీము దవడలోకి దిగితే సూదులు, ఆస్పత్రి బెడ్డు దాకా పోతుంది.