సేవ కోసం వేసే సంకలనం: పుస్తకం డబ్బు ఎవరి ఖాతాలో పడాలి?

ప్రశ్న: మేం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కథకులం, 24 మందిమి. తలా ఒక కథతో 160 పేజీల సంకలనం వేసి, వచ్చిన డబ్బు ఉద్దానం కిడ్నీ రోగులకు ఇవ్వాలనుకుంటున్నాం. తలా 2,000 రూపాయలు వేసుకున్నాం. పన్నుతో కలిపి 1,000 కాపీలకు 85,000, 500 కాపీలకు 52,000 అని ప్రెస్సువాళ్లు చెప్పారు. వెల 150. డబ్బు నా సేవింగ్స్ ఖాతాకే ఫోన్లో వేయించుకుని, లక్షన్నర ఇస్తామని ఆవిష్కరణ సభలో ప్రకటించవచ్చా? కొన్నవాళ్లకు విరాళాల మీద ఇచ్చే 80జి ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

మాస్టారూ, ఆ లక్షన్నర మాట సభలో అనకండి. అది 1,000ని 150తో హెచ్చవేస్తే వచ్చిన అంకె, చేతికొచ్చే డబ్బు కాదు. రచయితలకు తలా రెండు కాపీలంటే 48. అచ్చయిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి, ఢిల్లీల్లోని మరో రెండు గ్రంథాలయాలకు సొంత ఖర్చుతో ఒక్కో కాపీ పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. అవి 4. సమీక్షలకు, శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం కథానిలయం లాంటి చోట్లకు ఓ 28. ఇక్కడికే 80 పోయాయి. మిగతా వాటిలో మొదటి ఏడాది చేతుల మీద 350, షాపుల్లో 200 కదిలాయనుకుందాం. షాపు 40 శాతం కమీషన్ పట్టుకుంటే కాపీకి మీకొచ్చేది 90. మొత్తం 52,500, 18,000 కలిపి 70,500. ప్రెస్సు బిల్లు 85,000. రోగులకు పైసా చేరదు సరికదా, 14,500 ఎదురు. 370 కాపీలు మీ అటక మీద ఉంటాయి.

అదే 500 వెయ్యండి, వెల 200 పెట్టండి. 24 మందీ తలా 15 కాపీలు ముందుగానే డబ్బు తీసుకుని అమ్మితే 360 కాపీలకు 72,000. షాపులకు 60 కాపీలు ఇస్తే కాపీకి 120 చొప్పున 7,200. మిగతా 80 కాపీలు పైన చెప్పినట్టు ఉచితంగా పోతాయి. మొత్తం 79,200. మీరు వేసుకున్న 48,000కు మరో 4,000 కలిపితే ప్రెస్సు బిల్లు విడిగా తీరిపోతుంది, అమ్మకం డబ్బు ముట్టుకోనక్కర్లేదు. ఒక్క మాట మాత్రం మీ 24 మందీ కూర్చుని ఆలోచించాలి: పుస్తకం లేకుండా ఆ 52,000 నేరుగా ఇచ్చినా రోగులకు 52,000 అందుతుంది. పుస్తకం వల్ల పెరిగేది 27,200. తలా 15 కాపీలు అమ్మగలమన్న నమ్మకం లేకపోతే నేరుగా ఇవ్వడమే మేలు.

మీ సేవింగ్స్ ఖాతా వద్దు. పన్ను మాట తర్వాత, ముందు ఇది చూడండి: ఖాతాదారుకు ఏమైనా అయితే ఆ నిల్వ వారసుల చేతికి పోతుంది, అందులో పుస్తకం డబ్బెంతో, పెన్షనెంతో తేల్చేవాళ్లుండరు. పైగా అమ్మకం రాబడి మీ ఆదాయం కింద కనిపిస్తుంది. మీరు దాన్ని తర్వాత ట్రస్టుకిచ్చినా 80జి కింద పన్ను లెక్కలో సాధారణంగా తగ్గేది ఇచ్చినదాంట్లో సగమే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. ఈ ఒక్క పుస్తకానికి కొత్తగా సొసైటీ పెట్టుకోవడం కూడా దండగ. ఉద్దానంలో ఇప్పటికే పనిచేస్తున్న రిజిస్టర్డ్ ట్రస్టునొకదాన్ని ఎంచుకుని, దాని 12ఎ, 80జి పత్రాలు (ట్రస్టు ఆదాయానికి, దాతలకు పన్ను మినహాయింపునిచ్చేవి) చూసి, ట్రస్టే ప్రచురణకర్తగా ఉండేట్టు, దాని క్యూఆర్ కోడ్‌కే డబ్బు పడేట్టు లిఖితపూర్వకంగా ఒప్పించుకోండి. పుస్తకం లెక్కలు ట్రస్టు విడి పుస్తకంలో రాయాలి. డబ్బు దేనికి వాడతారో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. డయాలసిస్ ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద జరుగుతుంది, పలాసలో 2023 డిసెంబరు నుంచి 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. కుటుంబాల్ని నలిపేసేది వారానికి రెండు మూడుసార్లు రానుపోను బండి ఖర్చు, తోడు వచ్చినవాళ్ల పోయిన కూలి. మీ డబ్బు అక్కడికి వెళ్తే బాగుంటుంది.

పుస్తకం కొన్నవాళ్లకు 80జి రాదు. వెల కట్టి వస్తువు తీసుకున్నారు, అది విరాళం కాదు. మీరు వేసుకున్న 2,000 మాత్రం ప్రెస్సుకు కాకుండా ట్రస్టుకు విరాళంగా బ్యాంకు ద్వారా ఇవ్వండి, పాన్ నంబరూ ఇవ్వండి, రసీదు వస్తుంది. ప్రెస్సు బిల్లు ప్రచురణకర్తగా ట్రస్టే అందులోంచి కడుతుంది. 2,000 దాటిన నగదుకు మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు. విదేశాల్లో ఉన్న మీ శిష్యుల విషయంలో జాగ్రత్త: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లిచ్చేది మామూలు విరాళమే. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఒక్క కాపీకి పదివేలు పంపితే అది విదేశీ విరాళం, అలాంటి వాటిపై ఉన్న చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు.

కథ వేసుకునే అనుమతి పత్రం మీద కథకులందరి దగ్గరా సంతకం తీసుకోండి. స్నేహితులమే కదా అని ఇది వదిలేస్తే రెండో ముద్రణ దగ్గర పేచీ వస్తుంది. గడువు రాయకపోతే కాపీరైటు చట్టం ప్రకారం అనుమతి ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. రాయల్టీ లేదని, ఈ-బుక్‌కు ఒప్పుకున్నామో లేదో, హక్కు రచయితదేనని స్పష్టంగా ఉండాలి. పత్రికల్లో వచ్చిన కథలైతే ఆ పత్రిక షరతులు కూడా చూడండి.

ప్రెస్సులో ఒక్కో పెద్ద కాగితం మీద 16 పేజీలు కలిపి అచ్చువేస్తారు, దాన్ని ఫారం అంటారు. 160 పేజీలంటే అలాంటి ఫారాలు సరిగ్గా పది. ముందుమాట, రచయితల పరిచయాలు, విషయసూచిక అన్నీ ఆ 160లోనే ఇమడాలి. నాలుగు పేజీలు పెరిగినా ఖర్చు మరో ఫారంలోకి జారుతుంది. పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు గనక ప్రెస్సుకు కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, కొటేషన్ ఎప్పుడూ పన్నుతో కలిపే అడగండి. ఐఎస్‌బీఎన్‌ (పుస్తకం గుర్తింపు సంఖ్య)కు రుసుము లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి. 70 జీఎస్ఎం కాగితం మీద డెమ్మీ సైజులో కాపీ సుమారు 190 గ్రాములు తూగుతుంది. 2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం నడుపుతున్న జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలే, పన్ను అదనం. కానీ వ్యాపార ప్రకటనలున్న పుస్తకాన్ని ఆ రేటుకు తీసుకోరు. ఊళ్లో దుకాణాల ప్రకటనలు వేసి ఖర్చు రాబట్టాలనుకుంటే ఈ నష్టం కూడా లెక్కలో వేసుకోండి. ముందు ఒక కాపీ పోస్టాఫీసులో చూపించి అడగండి.

ఇక అట్ట వెనక రాసే మాట. 'లాభం మొత్తం సేవకే' అని రాయకండి, లాభమెంతో పాఠకుడికి తెలియదు. 'ముద్రణ ఖర్చు రచయితలు భరించారు. అమ్మకం మీద ట్రస్టుకు అందిన ప్రతి రూపాయీ ఉద్దానం రోగుల ప్రయాణ ఖర్చులకు' అని ట్రస్టు పేరుతో వెయ్యండి. ఆవిష్కరణ నాడు మొత్తం ప్రకటించకుండా, ముందస్తు అమ్మకాల్లో నిజంగా జమ అయినదే చదవండి. షాపుల లెక్క ఆరు నెలలకు ఒకసారి తెప్పించుకోండి, ఏడాది తర్వాత మిగిలిన కాపీలు రెండు జిల్లాల శాఖా గ్రంథాలయాలకు పంచెయ్యండి.