12,34,56,789ని విప్పాలంటే

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

12,34,56,789 కారణాంకాల కోసం రెండు పేజీల నిండా భాగహారాలు చేసి పంపావు. ఓపికకు మెచ్చుకున్నాను, పద్ధతికి మాత్రం కాదు. పెద్ద సంఖ్య కనపడగానే భాగించడానికి కూర్చోకు తల్లీ, ముందు దాన్ని తేరిపార చూడు.

అంకెల మొత్తం 45 కనుక 9తో పోతుంది, 1,37,17,421 మిగులుతుంది. దీని అంకెల మొత్తం 26, ఇక 3తో పని లేదు. 7, 11, 13లను నువ్వు విడివిడిగా ప్రయత్నించావు. ఆ మూడింటి లబ్ధం 1001. అందుకే కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, మార్చి మార్చి తీసివేస్తూ కలుపుతూ పో: 421 − 717 + 13 = −283. ఆ మూడింటిలో ఏదీ 283ను నిశ్శేషంగా భాగించదు, కనుక మన సంఖ్యనూ భాగించదు. మూడు భాగహారాలు తప్పాయా లేదా?

ఆ తర్వాత 17, 19, 23 అంటూ మెట్లెక్కావు. ఆ దారిలో జవాబు తగలాలంటే ఐదు వందల ప్రధాన సంఖ్యలు దాటాలి! కింది నుంచి కొంత దూరం వెళ్లాక పైనుంచి కూడా ఓసారి చూడాలి. పైన అంటే వర్గమూలం దగ్గర. అది 3703కు కాస్త పైన ఉంది. 3704 వర్గం 1,37,19,616. అందులోంచి మన సంఖ్య తీసేస్తే వచ్చే తేడా కూడా వర్గమే కావాలి, ఇక్కడ వచ్చింది 2195. 5తో ముగిసే వర్గానికి చివర 25 ఉండి తీరాలి, ఇక్కడ 95 ఉంది, వదిలెయ్. 3705 వర్గం 1,37,27,025, తేడా 9604. అది 98 వర్గం! రెండు వర్గాల తేడా అంటే వాటి మూలాల మొత్తాన్ని మూలాల తేడాతో గుణించడమే కదా. 3705 + 98 = 3803, 3705 − 98 = 3607. రెండూ ప్రధాన సంఖ్యలే.

ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1643లో ఒక ఉత్తరంలో ఇదే ఉపాయంతో 2,02,76,51,281ని 44,021, 46,061గా విడగొట్టాడు. దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, 1356లో, మన దేశపు గణితజ్ఞుడు నారాయణ పండితుడు ఇలాంటి పద్ధతే రాసిపెట్టాడు. బడి పుస్తకాల్లో ఆయన పేరు కనిపించదే అని నాకు ఎప్పుడూ కినుకే.

విప్పాక మిగతాది సులువు. 3² × 3607 × 3803లో ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 3 × 2 × 2, అంటే మొత్తం 12 భాజకాలు.

అయితే కారణాంకాలు వర్గమూలానికి దూరంగా ఉంటే పైదారి పట్టి లాభం లేదు. తిరగేసిన సంఖ్య 98,76,54,321నే తీసుకో. మన సంఖ్యను 8తో గుణించి 9 కలిపితే అదే వస్తుంది, కనుక ఈ రెండింటి గ.సా.భా. 9 అని భాగించకుండానే చెప్పొచ్చు. ఆ 9 తీసేశాక మిగిలే 10,97,39,369ని కింది నుంచే పట్టుకో. 17 దొరుకుతుంది, మళ్లీ 17 దొరుకుతుంది. మిగిలిన 3,79,721 ప్రధాన సంఖ్య అని తేల్చడానికి 616 దాకా వెళ్లాలి. కాలిక్యులేటర్ ముట్టకుండా చేసి పంపు.

మీ తాతయ్య