ముందు కార్పెట్ ఏరియా ఎంతో అడగండి

"తక్కువ బడ్జెట్‌లో ఫ్లాట్ చూస్తున్నాను. కార్పెట్ ఏరియా, సూపర్ బిల్టప్, ఎల్‌ఐజీ, యూడీఎస్ అంటున్నారు. వీటిలో ఏది ముఖ్యం?" అని అడిగారు. నన్నడిగితే కార్పెట్ ఏరియానే, అంటే ఫ్లాట్ లోపల మనం వాడుకునే నేల, లోపలి గోడలతో కలిపి. అది పట్టుకుంటే మిగతావన్నీ దారికొస్తాయి.

2021లో హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్లాట్ చూశాం. ఇంకా పని నడుస్తోంది. 900 ఎస్‌ఎఫ్‌టీ, పార్కింగ్‌తో కలిపి 38 లక్షలు అన్నారు. మా నాన్న ముప్పై ఏళ్లు మేస్త్రీగా చేసిన మనిషి. బ్రోషర్ నా చేతికిచ్చి, జేబులోంచి టేపు తీసి ఒక కొస పట్టుకోమన్నారు. గది గదీ కొలిచి, చిరిగిన సిమెంటు బస్తా ముక్క మీద పెన్సిల్‌తో లెక్క వేశారు. హాలు, రెండు గదులు, వంటిల్లు, బాత్రూములు, లోపలి గోడల మందం అన్నీ కలిపినా 610 దాటలేదు.

"మిగతా 290 ఎక్కడుంది బాబూ?" అని సేల్స్ అబ్బాయిని అడిగారు. బాల్కనీ, బయటి గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్లో మా వాటా అట. ఇవన్నీ కలిపి చెప్పేదే సూపర్ బిల్టప్. వాటికి డబ్బు కట్టనని ఎవరూ అనరు. కానీ ఆ మాట ముందే చెప్పాలి కదా!

అసలు టెన్షన్ కాస్ట్ షీట్ చూశాక మొదలైంది. జీఎస్టీ 5 శాతం వేశారు, అంటే 1,90,000. 2019 ఏప్రిల్ నుంచి, కడుతున్న ఫ్లాట్ ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతమే. విజయవాడ, వరంగల్ లాంటి చోట్ల 90 మీటర్ల దాకా వర్తిస్తుంది. అదే అడిగితే, "మీది 83 మీటర్లు సార్, రాదు" అన్నాడు సేల్స్ అబ్బాయి. అతను 900ని మీటర్లలోకి మార్చాడు. మా కార్పెట్ ఏరియా 610, అంటే 57 మీటర్లు కూడా లేదు. మూడుసార్లు తిరిగాక షీట్ మార్చారు, జీఎస్టీ 38,000 అయింది. ఒక్క మాట తేడాతో లక్షన్నర పోయేది.

ఎల్‌ఐజీ అనేది దీనికి సంబంధం లేని మాట. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఏడాదికి 3 నుంచి 6 లక్షల ఆదాయం ఉన్న కుటుంబాన్ని అలా అంటారు. జీఎస్టీ తగ్గడానికి మీ ఆదాయంతో పనే లేదు. ఈ రెండూ కలిపేసి, "మాకు జీతం ఎక్కువ, మాకు రాదులే" అని 5 శాతం కట్టేసినవాళ్లు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు.

యూడీఎస్ అంటే నేలలో మీ వాటా. ఎన్ని గజాలో రిజిస్ట్రేషన్ కాగితంలో రాయించుకోండి. ఆ కాగితాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఎందుకుంటాయో నాకు ఇప్పటికీ కోపమే. ఇల్లు కట్టడం పునాది నుంచి తెలిసిన మా నాన్న ఆ అగ్రిమెంట్ చదవలేకపోయారు.

మీ షీట్‌లో ఏ ఏరియా రాశారో, జీఎస్టీ ఎంత వేశారో చూసి ఇక్కడ పెట్టండి. సంతకం మాత్రం అప్పుడే పెట్టకండి.